గురువుగారి గంటలు

దుకాణం తెరిచి చాలాసేపయినా దర్జీ మిషన్ దగ్గర కూర్చోలేదు. ఫోన్ చూస్తూ నిలబడ్డాడు. పక్కనే అతని భార్య చొక్కాకు బొత్తాలు కుడుతోంది.

"ఇదిగో, మన యూట్యూబ్ ఛానల్‌కి డబ్బులొచ్చే అర్హత వచ్చిందట."

"మొన్నటిదాకా గంటలు చాలలేదన్నారుగా?"

"వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఎప్పుడో చేరారు. ఏడాదిలో జనం మన వీడియోలు నాలుగు వేల గంటలు చూడాలి. అక్కడే ఆగిపోయాం. నా కటింగ్ పాఠాలు మా అమ్మ కూడా చివరిదాకా చూడలేదు."

"మరిప్పుడు ఎవరు చూశారు?"

"చొక్కాకి రెండు చేతులూ కుడివైపుకే కత్తిరించానని ఆ రోజు నన్ను దులిపేశావు చూడు. కెమెరా ఆపడం మరిచిపోయాను. వీడియో చివర నీ తిట్లు తీసేయకుండా అలాగే పెట్టేశాను."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

"అది లోకమంతా చూసిందా?"

"ఒక్కొక్కరు రెండేసిసార్లు చూశారు. ఛానల్‌కి 'దర్జీ గురువు' అని పేరు పెట్టుకున్నానా, గురువుగారికి ఇంకో నాలుగు వడ్డించమ్మా అని కింద ఒకటే కామెంట్లు."

"తీసేయండి బాబూ, నాకు సిగ్గేస్తోంది."

"తీసేస్తే ఆ గంటలూ పోతాయి. ఇంకోటి తీద్దాం, రా."

"కెమెరా పెట్టి తిట్టమంటే నాకు నోరు పెగలదండీ. ముందు కోపం రావాలిగా?"

అతను కెమెరా నిలబెట్టి, బల్లమీద కొత్త గుడ్డ పరిచి, కత్తెర అందుకున్నాడు.

"నేను మామూలుగానే కత్తిరిస్తాలే. నీకు కోపం దానంతటదే వస్తుంది."