ముందు చెప్పాల్సిన మాట

మూడో నెల నిండకుండానే గర్భం పోయిన రోజు మధ్యాహ్నం, ఆస్పత్రి నుంచి వచ్చిన భార్యాభర్తలు యూనివర్సిటీ హాస్టల్ గదిలో మంచం మీద కూర్చున్నారు. ఇద్దరూ పరాయి దేశంలో చదువుకుంటున్నవాళ్లే.

“కాస్త అన్నం పెట్టనా?”

“వద్దు. నువ్వు ల్యాబ్‌కి వెళ్లవా?”

“జ్వరమని మెయిల్ పెట్టాను.”

“నీకా, నాకా?”

“ఇద్దరికీ. మీ అమ్మగారు రెండుసార్లు ఫోన్ చేశారు. స్నానం చేస్తోందని చెప్పాను.”

“రెండుసార్లూనా?”

“ఊఁ. ‘అంత చలిలో ఇన్ని స్నానాలేంటి బాబూ’ అన్నారు.”

“నవ్వించకు, నొప్పేస్తోంది... అమ్మకి చెప్పాలని ఉంది.”

“చెప్పు మరి.”

“ఏమని? పోయిందని చెప్పాలంటే, ముందు ఉందని చెప్పాలిగా. మూడు నెలలు నిండాక చెబుదామన్నది ఎవరు?”

“నేనే.”

“తిట్టడం లేదులే. నేనూ సరేనన్నాను. ఇప్పుడు మనకీ, ఆ నర్సుకీ తప్ప బిడ్డ సంగతి ఎవరికీ తెలీదు.”

“ఆదివారానికి నిండేవి.”

“తెలుసు. ‘అమ్మా, నువ్వు అమ్మమ్మవి కాబోతున్నావు’ అందామని రోజూ లోపల అనుకుంటూనే ఉన్నాను. ఆ మాట ఒక్కసారి అననీ. తను సంబరపడితే వినాలి.”

“తరవాత?”

“తరవాత ఫోన్ నీకిస్తాను. మిగతాది నువ్వు చెప్పు.”

“ఆవిడ నవ్వుతుండగా చెప్పమంటావా? నా వల్ల కాదే.”

“నా వల్ల మాత్రం అవుతుందా?”

సాయంత్రమైంది. ఊళ్లో ఉన్న ఆమె తల్లికి, బిడ్డ ఉండేదన్న సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.