నెలవంక గుర్తు పడే మిషను

తేదీ మార్చి పదకొండు, బుధవారం. ఉదయం నుంచి అయిన పనులు: నీళ్ళు పట్టడం, రెండు దుప్పట్లు ఉతికి ఆరేయడం, మావారికి భోజనం డబ్బా సర్దడం, మామగారి కళ్ళలో మందు వేయడం, వెనక గదిలో మట్టి పిసికి తడిగుడ్డ చుట్టడం. బియ్యం ఏరడం మిగిలిపోయింది. పదకొండు గంటలకు స్టేషనుకు వచ్చాను.

నా పేరు, చిరునామా మొదటి కాగితంలో రాసి ఇచ్చాను. వయసు యాభై రెండు. గృహిణిని. మా తోటికోడలితో కలిసి ఇంటి వెనక గదిలో మట్టిపాత్రల స్టూడియో నడుపుతున్నాను. పద్దులు నేను చూస్తాను, పాఠాలు ఆమె చెబుతుంది. ఇన్‌స్పెక్టరు గారు నన్ను అడిగింది ఒకటే. కొన్న మిషనులో లోపం ఉందని తెలిసి, దుకాణదారు ఉచితంగా బాగుచేస్తానన్నా ఎందుకు వద్దన్నారు, అది ఎవరిదో ముందే తెలుసా అని. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. మొదటి నుంచి వరసగా చెబుతాను.

మిషను అంటే మట్టి ముద్దను పలకగా ఒత్తేది. పొడుగు బల్ల, దాని మీద లావుపాటి ఇనుప రోలరు, పక్కన తిప్పడానికి చక్రం. మట్టిని రెండు కాన్వాసు గుడ్డల మధ్య పెట్టి చక్రం తిప్పితే అటు నుంచి ఒకే మందంలో పలక వస్తుంది. ఆ పలకను కోసి పళ్ళేలు, పెట్టెలు, గోడకు పెట్టే బిళ్ళలు చేస్తాం. ఇన్నాళ్ళూ చేత్తో, కర్రతో ఒత్తాం. మా తోటికోడలికి మణికట్టు నొప్పి పట్టుకుంది. వచ్చే సోమవారం నుంచి కొత్త తరగతి మొదలవుతుంది, ఎనిమిది మంది చేరారు. మిషను లేకుండా ఎనిమిది మందికి పలకలు ఒత్తడం ఆమె చేతితో అయ్యే పని కాదు.

నేను ఏది కొన్నా పరీక్షించే కొంటాను. తడిగుడ్డలో మట్టి ముద్ద చుట్టుకుని, కొలత టేపు, సూది సంచిలో వేసుకుని వెళ్ళాను. మొదట చూసింది పెద్ద షాపులో కొత్తది. పళ్ళచక్రాలతో నడిచేది. వెన్నలా నడిచింది, కానీ మా గది గుమ్మంలో పట్టదు. రెండోది ఒక రిటైరైన ఇంజనీరు గారి ఇంట్లో. ఆయన భార్య సరదాపడి కొని మానేశారట, దాని మీద పూలకుండీలు పెట్టారు. అది ఇనుప తాడుతో నడిచే రకం. పలక ఒత్తి నాలుగు మూలలా సూది గుచ్చి చూశాను. ఒక పక్క మందం, ఒక పక్క పలచన. తాడు ఒకవైపు సాగిపోయింది. ఇంజనీరు గారు అలా ఉండటానికి వీల్లేదని చాలాసేపు నాకు చెప్పారు. పూలకుండీలు మళ్ళీ దాని మీద సర్దిపెట్టి వచ్చేశాను.

మూడోది పాత సామాన్ల దుకాణంలో. ఫిబ్రవరి చివరి శనివారం, మధ్యాహ్నం. వెంట మా తోటికోడలు ఉంది. దుకాణదారు నన్ను పైకీ కిందకీ చూసి, కూరగాయల సంచిలో మట్టి తెచ్చుకుని బేరానికి వచ్చిన మనిషిని ఇదే మొదటిసారి చూడటం అన్నాడు. మిషనుకు కొత్తగా ఆకుపచ్చ రంగు వేసి ఉంది. నంబరు పలక ఉండాల్సిన చోట రెండు మేకు కంతలు ఉన్నాయి. నేను అది గమనించాను. పాత వాటికి ఊడిపోవడం మామూలే అనుకున్నాను.

ముద్ద పెట్టి చక్రం తిప్పాను. పలక వచ్చింది. నాలుగు మూలలూ సమానం. పై గుడ్డ తీసి అరచేత్తో నిమిరాను. మధ్యలో బొటనవేలికి ఏదో తగిలింది. గోటి తునకంత నెలవంక, పైకి ఉబ్బి ఉంది. నేను చేయి తీయలేదు. మా తోటికోడలు ఏమైందక్కా అని రెండుసార్లు అడిగిందట. నాకు వినపడలేదు.

ఆ నెలవంక మా ఇంట్లో ఆరు పళ్ళేల అడుగున ఉంది. రోజూ తోముతున్నాను. తోమేటప్పుడు రోజూ నా బొటనవేలు దాని మీదకే పోతుంది.

ఇరవై నాలుగేళ్ళ కిందట నేను టీచరు గారి దగ్గర నేర్చుకున్నాను. ఫిర్యాదు ఇచ్చింది ఆవిడే. అప్పట్లో ఆవిడ షెడ్డు ఒక ప్రింటింగు ప్రెస్సు వెనకాల ఉండేది. ఒక గోడకు సిరా వాసన, ఇంకో గోడకు తడి మట్టి వాసన. మధ్యాహ్నం తరగతి అంతా ఇంటి పని ముగించుకుని పరిగెత్తుకొచ్చే ఆడవాళ్ళమే. మా అమ్మాయి అప్పుడు పసిది. కాన్వాసు గుడ్డల మూట మీద పడుకోబెడితే, మిషను చక్రం చప్పుడుకు నిద్రపోయేది. ఇంట్లో ఆ చప్పుడు లేక ఏడ్చేది. టీచరు గారు చక్రం తిప్పేవారు, నేను అటువైపు గుడ్డ పట్టి లాగేదాన్ని. మాటలు ఉండేవి కాదు. ఆవిడ ఊఁ అంటే ఆగాలి, గొంతు సవరించుకుంటే మెల్లగా లాగాలి. ప్రతి ముద్దనూ తూకం వేసేదాన్నని నాకు లెక్కల పిల్ల అని పేరు పెట్టారు. నా అసలు పేరు ఆ షెడ్డులో ఎవరికీ తెలియదనుకుంటాను.

ఆ గుర్తు నా కళ్ళ ముందే పడింది. ఎవరో మట్టిని చెక్కే ఉక్కు పనిముట్టు ముద్దలో వదిలేశారు. రోలరు దాని మీద ఎక్కింది, రోలరుకే నొక్కు పడింది. అందరం బిక్కచచ్చిపోయాం. టీచరు గారు ఆ పూటకు మిషను ఆపి గుడ్డలు మడిచిపెట్టారు. మర్నాడు బల్ల మీద బొగ్గుతో ఒక గీత గీశారు. ముద్దను ఆ గీత దగ్గర మొదలుపెడితే నెలవంక సరిగ్గా పలక నడిమధ్యలో పడుతుంది. దాన్ని పళ్ళెం అడుగుకు తిప్పుకోవచ్చు. బాగు చేయించరా అని మేం అడిగితే, చేయిస్తే ఎవరి పళ్ళెమో ఎలా తెలుస్తుంది అన్నారు. ఆ తర్వాత గుర్తు లేని పళ్ళెం మా చేతిలో పడితే వెలితిగా ఉండేది.

మా అత్తగారు మంచం పట్టాక నేను మానేశాను. తర్వాత నాకు తెలిసిందంతా మా తోటికోడలికి నేర్పాను. ఆమె నన్ను మించిపోయింది.

దుకాణంలో ఆ మిషను చూసి టీచరు గారు పని మానేసి అన్నీ అమ్ముకున్నారనుకున్నాను. ఆవిడకు ఫోను చేయాలనిపించింది. అమ్ముకున్న మనిషిని ఎందుకు అమ్మారని అడగడం పుండు మీద కారం చల్లడమే అని మానుకున్నాను. దొంగ సొత్తు అని నా ఊహకు రాలేదు. దుకాణదారు ఆ నొక్కు చూసి, వెల్డింగు పెట్టి సాన పట్టించి అద్దంలా చేసి ఇస్తాను, పైసా అక్కర్లేదు అన్నాడు. నేను వద్దన్నాను. మళ్ళీ మళ్ళీ అన్నాడు. రసీదు మీద ‘నొక్కు అలాగే ఉంచవలెను’ అని నేనే చెప్పి రాయించాను. ఇన్‌స్పెక్టరు గారికి అనుమానం వచ్చింది ఆ ముక్క చూసే.

దారిలో మా తోటికోడలు నన్ను వాయించేసింది. వంకాయ కొనాలన్నా నాలుగు వైపులా తిప్పి చూసే మనిషివి, పుచ్చు ఉన్నదాన్ని చూసి మరీ కొన్నావేంటక్కా అంది. అద్దంలా ఉన్నవి ఎక్కడైనా దొరుకుతాయి అన్నాను.

నిన్న సాయంత్రం ఐదున్నరకు కానిస్టేబులు మా ఇంటికి వచ్చారు. అప్పుడే తెలిసింది. టీచరు గారు కంటి ఆపరేషనుకని చెల్లెలి ఇంటికి వెళితే, షెడ్డు స్థలం యజమాని తాళం పగలగొట్టి సామానంతా తనదని చెప్పి దుకాణానికి తోలించాడట. ఇప్పుడేమో టీచరు గారి మిషను తుక్కు కింద పోయిందనీ, మా ఇంట్లో ఉన్నది వేరే ఎవరిదో అనీ అంటున్నాడట. నంబరు పలక లేదు. రంగు మారింది. గుర్తుపట్టి చెప్పగల మనిషి టీచరు గారు కాక ఇంకెవరూ లేరు, ఆవిడ కళ్ళకు కట్టు ఉంది.

కానిస్టేబులు వెళ్ళాక మా తోటికోడలు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“అక్కా, నీకు గుర్తు లేదను. అబద్ధం కూడా కాదు, ఇరవై ఏళ్ళు దాటింది.”

“పొద్దునే ఆ పళ్ళేలు తోమాను కదా.”

“సోమవారం ఎనిమిది మంది వస్తారు. వాళ్ళకు నా చెయ్యి చూపించమంటావా?”

నేను అన్నం వార్చాను. ఆమె నిలబడే ఉంది. నేను గుర్తుపడితే మిషను మా ఇంటి నుంచి పోతుంది, పట్టకపోతే ఉంటుంది. ఇందులో లెక్క ఏమీ లేదు. ఆమె వైపు చూడకుండానే చెప్పాను, పొద్దున నాతో రమ్మని, ఒత్తి చూపించడానికి మట్టి కావాలి, ఆ సంచి ఒక్కదాన్నే మోయలేనని. ఆమె తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. పొద్దున మాత్రం నాకంటే ముందే తయారై గుమ్మంలో నిలబడింది.

ఈ రోజు స్టేషను వెనక వరండాలో, పొద్దున మా ఇంటి నుంచి తెచ్చిన మిషను దించి ఉంది. స్థలం యజమాని, దుకాణదారు, ఇద్దరు సాక్షులు ఉన్నారు. టీచరు గారు నల్ల కళ్ళద్దాలతో కుర్చీలో కూర్చున్నారు. నేను దగ్గరికి వెళ్ళి నమస్కారం పెట్టి నా పేరు చెప్పాను. ఆవిడకు తెలియలేదు. అసలు పేరు చెబితే ఎలా తెలుస్తుంది. మట్టి ఎంత తెచ్చావు అని అడిగారు. రెండున్నర కిలోలు, తూకం వేశాను అన్నాను.

“నువ్వా, లెక్కల పిల్లా.”

ఆవిడ లేచి చక్రం పట్టుకున్నారు. నేను అటువైపు గుడ్డ పట్టాను. ఒత్తక ముందే ఇన్‌స్పెక్టరు గారికి వినపడేలా చెప్పారు, ఇంత మట్టికి రోలరు రెండు చుట్లు తిరుగుతుంది, గుర్తు రెండు చోట్ల పడుతుంది, మొదటిది ఇక్కడ అని గుడ్డ మీద బొటనవేలు పెట్టారు, రెండోది అక్కడికి మూరెడు లోపు అన్నారు. కానిస్టేబులు ఆ చోట సుద్దతో గీశారు. ఆవిడ తిప్పారు. నేను లాగాను. ఒకసారి గొంతు సవరించుకున్నారు, నేను మెల్లగా లాగాను. ఊఁ అన్నారు, ఆగాను. అందరూ చూస్తున్నారని అప్పటికి మర్చిపోయాను. అంతసేపూ ఆ చప్పుడే. పక్కన మూట మీద పిల్ల పడుకుని ఉన్నట్టు ఒకసారి అటు చూశాను కూడా. అక్కడ ఫైళ్ళ బీరువా ఉంది.

గుడ్డ తీశారు. సుద్ద గీత కింద ఒక నెలవంక, మూరెడు లోపు ఇంకోటి. మా ఇంటి నుంచి తెచ్చిన పళ్ళెం తిరగేసి పక్కన పెట్టాను. ఒకటే కొలత. స్థలం యజమాని పాత మిషన్లన్నిటికీ నొక్కులు ఉంటాయన్నాడు. ఉంటాయి, కానీ ఎక్కడ పడతాయో ముందే చెప్పేవాళ్ళు ఉండరు కదండీ అని మా తోటికోడలు అంది. ఆమెను ఎవరూ అడగలేదు.

తర్వాత ఆమె టీచరు గారి పక్కన కూర్చుని ఏవో అడిగింది. కొత్తది కొంటే తాడుది వద్దు, పళ్ళచక్రాలదే తీసుకో, గుమ్మంలో పట్టకపోతే కాళ్ళు విప్పి పట్టించు అని ఆవిడ చెప్పడం విన్నాను. కాళ్ళు విప్పవచ్చని నాకు తట్టలేదు.

కాబట్టి అడిగినదానికి నా జవాబు ఇది. మిషను టీచరు గారిదని నాకు తెలుసు. ఆవిడ అమ్మలేదని తెలియదు. నొక్కు ఉంచమన్నది గుర్తు కోసం, దాచడానికి కాదు. దుకాణదారు మీద నాకు ఫిర్యాదు లేదు. గుర్తు చెరపదలచినవాడు కొనేవాళ్ళను అడిగి చెరపడు. మిషను టీచరు గారికి అప్పగించమని కోరుతున్నాను. ఇందాక ఒత్తిన పలకను సాక్ష్యంగా ఉంచుతామన్నారు. ఫ్యాను కింద పెడితే అంచులు లేస్తాయి. రెండు చెక్కల మధ్య పెట్టి రోజూ తిరగేయాలి. ఇక్కడ ఎవరికీ వీలుపడకపోతే నేను వచ్చి తిరగేస్తాను.

రాసింది నాకు చదివి వినిపించారు. ఒక్కచోట ఆపాను. ‘సదరు యంత్రము’ అన్నచోట ‘టీచరు గారి మిషను’ అని దిద్దించాను. చట్టానికి రెండూ ఒకటేనని కానిస్టేబులు అన్నారు. నాకు ఒకటి కాదు అన్నాను. దిద్దారు. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది. ఎవరి ఒత్తిడీ లేదు, కల్పించింది లేదు. దుకాణదారు నా డబ్బు మొత్తం ఇక్కడే నా చేతికి ఇచ్చాడు. ఇక అతను నాకు ఇవ్వాల్సింది ఏమీ లేదు. బాకీ చెల్లు.

(సంతకం)