అంచు కుట్టిన గుడ్డముక్క: శ్రీ మేకల జోయల్ గారి సేవకు అభినందన

1989 ఆగస్టు పదహారవ తేదీన మన కడెం–మానేరు పత్తి రైతుల సహకార సమాఖ్య జమ్మికుంట వర్క్‌షాపులో సహాయ మెకానిక్‌గా చేరిన శ్రీ మేకల జోయల్ గారు, ముప్పై ఆరు సంవత్సరాల సేవను పూర్తి చేసుకొని ఈ నెలాఖరున పదవీ విరమణ చేయుచున్నారు. బెల్లంపల్లి గని కార్మికులు సామ్యూల్ గారికి, ఆనందమ్మ గారికి కుమారుడాయన. గనిలోకి దిగేముందు తలదీపాన్ని వెలిగించి చూసుకోనిదే తండ్రిగారు అడుగు వేసేవారు కారట. కొడుకుకు అబ్బిన విద్యలో ఐ.టి.ఐ. వాటా సగమైతే, ఆ దీపం వాటా సగం.

1996లో ఆయన ఆదిలాబాద్‌కు బదిలీ అయినారు. 2004 నుంచి క్షేత్ర పర్యవేక్షకుల నలభై రెండు మోటారు సైకిళ్ల ఆలనాపాలనా ఆయనదే. సర్వీసుకు వచ్చిన బండిని సమతలంలో మధ్య స్టాండుపై నిలిపి, ఇంజన్‌ను కాసేపు నడిపి, ఆపి, పైకెక్కిన నూనె కిందికి దిగేవరకు ఓపిక పట్టి, కొలత పుల్లను తుడిచి ముంచి, తడి రెండు గీతల నడుమ ఉన్నదో లేదో చూడనిదే ఆయన ఎవరికీ తాళం చెవి ఇచ్చేవారు కారు. ఆ ఓపిక మాకు లేక ఎన్నోసార్లు విసుక్కున్నాము. ఆయన నోట నమస్కారానికి బదులు వచ్చే మాట, “పుల్ల జూసినవా?”

“సారు పెండ్లికి వోయినా పెండ్లికొడుకును గదే అడుగుతడు,” అనేవాడు డ్రైవర్ లచ్చయ్య.

నూనె నల్లబడిందని ఎవరైనా మొహం చిట్లిస్తే, “నల్లవడ్డదంటే లోపలి మురికి మోస్తుందన్నట్టే. ఎన్ని దినాలు మోస్తది పాపం? మార్చాలె,” అనేవారు జోయల్ గారు.

2011 నవంబరులో, పత్తి ఏరే రోజుల్లో, బోథ్ ప్రాంత క్షేత్ర పర్యవేక్షకురాలు మంజుల బండి నడిరోడ్డుపై ఇంజన్ పట్టేసి ఆగిపోయింది. మరమగ్గాల ఇంటి నుంచి ఉద్యోగానికి వచ్చిన మొదటి మనిషి ఆమె. శిక్షణకాలం ముగియడానికి పది రోజులే మిగిలాయి. నూనె చూసుకోని నిర్లక్ష్యమే కారణమని నిర్ణయించిన అప్పటి మేనేజర్ రామచంద్రం గారు, ఆమెను తొలగించే ఉత్తరువు సిద్ధం చేయమన్నారు. ఆఫీసు టైపిస్టుగా దానిని టైపు చేసినదాన్ని నేనే. సంతకం ఒక్కటే మిగిలింది.

“సార్, ఒక్క దినం ఇడువలే. రోజు పొద్దుగాల పుల్ల జూసిన. గీతల నడుమనే ఉండె,” అన్నది మంజుల.

“ఉంటే ఇంజన్ ఎందుకు పట్టేసింది? దానికేమన్న జరమొచ్చిందా?” అన్నారు మేనేజర్ గారు.

అంతలో జోయల్ గారు లోపలికి వచ్చారు. అప్పుడే విప్పిన ఇంజన్‌లోని నూనె వడకట్టే జాలి ఆయన అరచేతిలో ఉంది. దాని నిండా నల్లని ముద్ద.

“దానికి దూపయింది సార్. ఆయిలు కడుపు నిండ ఉంది, గొంతుల మాత్రం దూది వడ్డది.”

పుల్ల తుడవడానికి ప్రతి బండి సంచిలోనూ గుప్పెడు దూది పెట్టినవారు జోయల్ గారే. పత్తి రాసుల నడుమ బతికే మనకు చేతికి ముందుగా అందేది దూదే కదా! పుల్లకు అంటిన పోగులు రోజుకొకటి రెండు లోపలికి దిగి, ఏడాదిలో జాలిని పూడ్చివేశాయి. తక్కినవారి బండ్లు క్షేమంగా ఉండటానికి కారణం, వారు పుల్ల ముట్టకపోవడమే!

“అంటే రోజు చూసినందుకే నా బండి ఆగిందా సార్?” అని మంజుల అడిగింది.

“అవ్ బిడ్డా. చెప్పినట్టు ఇన్నది నువ్వొక్కదానివే. తప్పు నాది,” అని చెప్పి, ఆ మాటనే కాగితంపై రాసి సంతకం చేశారు. ఆ నెలలో రావలసిన ఫోర్‌మన్ పదోన్నతి దానివల్ల రెండేళ్లు ఆగుతుందని ఆయనకు తెలుసు, ఆగింది కూడా. నేను టైపు చేసిన ఉత్తరువును మేనేజర్ గారు నా ముందే చింపివేశారు.

ఆ ఆదివారం ప్రార్థన ముగిసి ఇంటికి వచ్చాక, ఆయన సతీమణి లిడియా గారు పాత పంచెలను చింపి, పోగు ఊడకుండా నాలుగు వైపులా అంచు కుట్టి, నలభై రెండు ముక్కలు సిద్ధం చేశారు. నాటి నుంచి ఏటా ఆ కుట్టుపని ఆమెదే. మా జీతాల పట్టికలో ఆమె పేరు లేదు గాని, మా ఇంజన్లన్నింటికీ ఆమె తెలుసు.

గత సోమవారం, నేడు ముఖ్య పర్యవేక్షకురాలైన మంజుల గారు ఒక మూట తెచ్చి జోయల్ గారి బల్లపై పెట్టారు.

“లిడియమ్మకు సూదిల దారం ఎక్కుతలేదట గద సార్. ఈసారి నేను కుట్టిన.”

ఆయన ఒక ముక్క తీసి, అంచును గోటితో గీరి, వెలుతురుకు పట్టి చూశారు. ఆ తరువాత నలభై రెండూ చూశారు.

“ఒక్క పోగు ఊడలే బిడ్డా,” అని మూట కట్టారు. కళ్లద్దాలు తుడుచుకోవడానికి వాటిలోనిదే ఒక ముక్క వాడుకున్నారు.

జోయల్ గారూ, లిడియా గారూ సంపూర్ణ ఆరోగ్యంతో, పిల్లాపాపలతో నిండు నూరేళ్లు జీవించాలని మా అందరి ఆకాంక్ష. అయితే బీపీ పరీక్షకు రమ్మంటే, “రేపు చూద్దాంలే” అనే అలవాటు ఆయనకున్నదని లిడియా గారు మాకు చెప్పారు. కనుక ఇకపై ప్రతి సోమవారం ఉదయం ఆయనకు మాలో ఎవరో ఒకరి ఫోను వస్తుంది. ముప్పై ఆరేళ్లు ఆయన మమ్మల్ని అడిగిందే మేము అడుగుతాము:

“సార్, పుల్ల జూసుకున్నరా?”