తెర ఇటు తిప్పితే

గుడిమల్కాపూర్‌లో గుండె పరిశోధన శిబిరం. బల్ల మీద పడుకున్నది బర్రెల కొట్టం నడిపే పెద్దాయన. స్కానింగ్ చేస్తున్నది కోస్తా నుంచి వచ్చిన డాక్టరమ్మ.

“పరిశోధనలో చేరినవాళ్లు ఒకసారి రక్తమిచ్చి మళ్లీ రావట్లేదు. ఎందుకండీ?”

“తెర నీ దిక్కే తిప్పుకుంటవ్ గదమ్మా. పశువుల డాక్టరైతే బర్రె కడుపుల దూడను గూడ మాకు చూపిస్తడు.”

“అయ్యో! ఇదిగో, ఇటు తిప్పాను. చూడండి.”

“ఏందమ్మా గిది, గట్ల ఎగురుతున్నది?”

“మీ గుండె.”

“నేను రాత్రి నిద్రల ఉన్నప్పుడు గూడ గిట్లనే కొట్టుకుంటదా?”

“మీరు పుట్టకముందు నుంచీ ఒక్కసారీ ఆగలేదండీ.”

“అరె... జెర ఉండమ్మా, బంద్ చెయ్యకు.”

“ఏమైందండీ?”

“బయట మా ఇంటామె ఉన్నది, పిలువు. ఆమె గూడ చూడాలె. గల్లీల అందరికి నేను చెప్త. ముందుగాల ఎవరి గుండె వాళ్లకు చూపియ్యి. మళ్ల మళ్ల వచ్చి రక్తం వాళ్లే ఇస్తరు.”