రెండంగుళాలు దించిన బండి

హలో… ఆ, నేనే. నీ మామయ్యనే! షాపులో ఇంకెవరు ఎత్తుతారు ఫోను? … ఉండు, ఆ కంప్రెసర్ ఆపి వస్తా. … ఆ, ఇప్పుడు చెప్పు పొట్టీ.

చెయ్యి ఎలా ఉంది? … కట్టు విప్పేశారా? … మణికట్టు పూర్తిగా తిరుగుతోందా? … హమ్మయ్య.

ఏంటీ? … బండి రెండో తాళమా? … ఉంది, ఇక్కడే సొరుగులో. ఇప్పుడెందుకు అది?

…

అమ్మేస్తున్నావా?

… కొనేవాడు వచ్చేశాడా? ఇంటి ముందే ఉన్నాడా? … బండి చుట్టూ తిరుగుతున్నాడా. తిరగనీ. ఎంత పొడుగేంటి వాడు? … ఆహా! అయితే మనం దించిన బండి మీద వాడి మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి, చెప్పు వాడికి.

కాదే, ఏడాది పాటు నా ప్రాణం తీశావు కదా ఆ బండి కోసం! ‘మామయ్యా, సీటు ఎత్తుగా ఉంది, మునివేళ్ళే ఆనుతున్నాయి, దించిపెట్టు’ అని. వెనక షాక్ కింద లింకులు మార్చాను, ముందు ఫోర్కులు పైకి జరిపాను, సీటు లోపల స్పాంజి కోశాను. రెండంగుళాలు దించాను. ఎక్కి కూర్చుని, రెండు పాదాలూ నేలకి ఆనించి, ఎలా నవ్వావే నువ్వు… సరేలే.

… మీ నాన్న అమ్మేయమన్నారా? … ఏమని? … ‘కాళ్ళు అందనిదానికి రేసు బండి ఎందుకు’ అనా. … ఊఁ. … వింటున్నా, చెప్పు.

… నేనా? నేనేం చెప్పను ఆయనకి?

…

లేదే, తాళం ఇవ్వననట్లేదు. … అబ్బే, ఎక్కడికీ పోలేదు, కళ్ళముందే ఉంది. … నీళ్ళు నమలట్లేదు! … అవును, నములుతున్నాను. ఉండు, కూర్చోనీ.

విను. మధ్యలో ఆపకు. ఆపితే మళ్ళీ నా నోరు పెగలదు.

ఆ రోజు ఆఫీసు గేటు దగ్గర నువ్వు పడ్డావు చూడు… నువ్వు పడలేదు. బండి పడింది. … స్టాండు వేసి, కాలు తిప్పి దిగబోతుంటే అవతలి పక్కకి ఒరిగింది కదా? … ఆ. బండి దించినప్పుడు సైడు స్టాండు కూడా కోసి పొట్టి చెయ్యాలి. లేకపోతే బండి కిందికొస్తుంది, స్టాండు మాత్రం పాత పొడుగే ఉంటుంది. ఎడమకి వాలి నిలబడాల్సిన బండి నిటారుగా నిలబడుతుంది. చిటికెన వేలితో తోసినా చాలు.

నేను కొయ్యలేదు. మర్చిపోయాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తూ, మర్చిపోయాను.

… లేదు, అప్పుడు తెలీదు. పడ్డ బండిని షాపుకి తెచ్చి స్టాండు వేశాను, వాలకుండా నిటారుగా నిలబడింది, అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే కదా నిన్ను చూడ్డానికి వచ్చాను. మీ నాన్న అందరి ముందూ, ‘ఏమయ్యా, కాళ్ళు అందకే కదా పడింది?’ అన్నారు. నేను టీ తాగుతూ… అవునన్నాను. చేతికి కట్టుతో నువ్వు నా వంకే చూస్తున్నావు. నీ మొహం చూసి కూడా అవునన్నానే! ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. అనిపించింది కానీ, గ్లాసు కింద పెట్టి చెప్పానా? చెప్పలేదు. ఇంకో బిస్కెట్టు తీసుకున్నాను.

ఇంకా ఉంది, విను. మర్నాడు ఎవరికీ తెలియకుండా ఆ స్టాండు కోసి, అతికించి, పైన నల్లరంగు…

…

ఏంటి?

… తెలుసా?

… ఎప్పట్నుంచి? … బండి ఇంటికొచ్చిన రోజేనా! రంగు వేశాను కదే, ఎలా… … తుడుస్తుంటే వేలికి తగిలిందా అతుకు. … గరుకుగా. ఊఁ. సరిగ్గా రుద్దలేదు, తొందరలో.

మరి మూడు వారాలు తెలిసీ ఊరుకున్నావా? మీ నాన్న రోజూ నిన్ను అన్ని మాటలంటుంటే? … ఎందుకే?

… నా పరువా?

… మీ నాన్న నన్ను చేతకానివాడంటారని… ఇంకో మాట పడనివ్వడం ఇష్టం లేక… అయ్యో తల్లీ. అందుకని నువ్వు మాటలు పడి, ఇంత ఇష్టపడ్డ బండి అమ్ముకుంటున్నావా? నేను పడాల్సిన మాటలే అవి!

… లేదు, ఏడవట్లేదు. ముక్కు పట్టేసింది.

మొహం చెల్లట్లేదే నాకు. ఫోను కాబట్టి సరిపోయింది.

మీ నాన్న అక్కడే ఉన్నారా? … కొనేవాడి పక్కనా? ఇవ్వు ఫోను. … నువ్వు వద్దంటే ఊరుకుంటానా ఇప్పుడు? … అననీ. మహా అయితే గడప తొక్కొద్దంటారు. … ఇవ్వమంటుంటే! తొందరగా ఇవ్వు, ధైర్యం జారిపోతోంది.

…

బావగారూ, నేను. … తాళం గురించి కాదండీ. ఒక్క నిమిషం వినండి. … అమ్మాయి కాళ్ళు అందక పడలేదు. బండి దించినప్పుడు స్టాండు కొయ్యాలి, నేను కొయ్యలేదు. అందుకే ఒరిగిపోయింది. ఆ రోజు మీ ముందు అబద్ధం చెప్పాను. … అవునండీ, తెలిసే చెప్పాను. … మీరు నవ్వుతారని. అందరిలో తల కొట్టేసినట్టు ఉంటుందని.

… దానికి తెలుసు. నా కోసమే నోరు మూసుకుంది.

…

బావగారూ?

… కొయ్యడానికి ఎంతసేపు పట్టేదనా?

…

పావుగంట.

… అవునండీ. పావుగంటే.

…

హలో? … ఎవరితో, కొనేవాడితోనా మాట్లాడుతున్నారు? … ఏమన్నారు, బండి అమ్మట్లేదనా? … బావగారూ, నాతో కూడా ఒక్క మాట… పోనీ, తిట్టండి…

పెట్టేశారు.