సోమయ్య గీత

ఆగు తృప్తీ, గా పేరు చెరుపకు. తప్పు పడ్డదని ఎవలు జెప్పిన్రు నీకు? ఇందాకటి సంది మొత్తుకుంటున్న, ఇనవేందే.

తెలుసు బిడ్డా. పోయిన మనిషి పేరు మీద ఆడొద్దంటవు. బుచ్చమ్మ అని నా పేరు రాసి మొదటి ఆట నుంచి వెడతనంటవు. నాకొద్దు.

నువ్వు నౌకరికి కొత్తగ వచ్చినవు, నీకెర్కలేదు. గీ కుర్చీల మా ఇంటాయన, మీ తాత, కూసునేటోడు. మతిమరుపు వచ్చిందని డాక్టరే గీ కంప్యూటర్ ఆటలు ఆడిపియ్యమన్నడు. తూంకుంట నుంచి శామీర్‌పేట దాంక ఆటోల గీ దవఖానకు తోల్కొచ్చేదాన్ని. బొమ్మలు చూపెట్టి మూస్తది గద, ఏది యాడున్నదో ఒత్తాలె. కంకుల మీద పిట్టలు తోలిన మనిషి, పిట్ట బొమ్మ యాడుందో పట్టకపోతుండె. తప్పు ఒత్తి నా మొకం దిక్కు జూసేటోడు. నేను మెల్లగ ఏలు జూపెడితె, నీకంటె ముందటి పిల్ల కసిరేది. జూపెట్టక ఎట్లుంట చెప్పు?

దినాం మార్కులు తగ్గినయి. ఆఖరికి నన్ను జూసి, "ఎవలమ్మ నువ్వు, మీదే ఊరు?" అన్నడు. ఎండకాలంల పోయిండు.

దినాలు అయినంక ఒక్కదాన్నే గీడికొచ్చిన. ఎందుకొచ్చిన్నో నాకే తెల్వది. ఆ పిల్ల జాలివడి ఆయన పేరు మీదనే ఆట వెట్టింది. ఆట ఒడవంగనే గీ కంప్యూటర్ డబ్బ ఆయన పేరు పిలిచి, "శభాష్" అన్నది. గప్పటి సంది ఆయన పేరు మీదనే ఆడుతున్న.

మొగని పేరు నోటితోని అంటమా మేము? రేషన్ కార్డుకాడ గుడ పక్కామెతోని చెప్పిచ్చిన. మా కొడుకు హరీష్‌కేమో బాపు. ఫోన్ జేస్తె "బాపు జాగ, బాపు కాయితాలు" అంటడు. పేరు వెట్టి పిలిచే సోపతిగాళ్లు పొలాలమ్ముకొని పట్నంల సుచిత్ర దిక్కు పోయిన్రు. పొద్దంత ఇంట్ల నేను, టీవీ. గా పేరు పలికేది గీ డబ్బ ఒక్కటే.

ఇంకోటున్నది, నవ్వకు. ఇంట్ల గిన్నెలు బోర్లిచ్చి, ఒకదాని కింద ఉల్లిగడ్డ, ఒకదాని కింద చింతపండు దాచి, యాదుంచుకునుడు నేర్చుకుంటున్న. నా తెలివి నాకెందుకు బిడ్డా, ఎవలతోని మాట్లాడాలె? గా తెర మీద మార్కుల గీత జూడు. ఆయన ఉన్నన్ని దినాలు కిందికి దిగింది. ఇప్పుడు ఎక్కుతాంది. గా డబ్బల మీ తాతకు నయమైతాంది.

పిచ్చి ముసలిదనుకో. ఆయన లేడని నాకెర్క లేదా?

ఇంకింత ఎక్కితె, ఆయన గీడికొచ్చిన మొదటిదినం మార్కు అందుతది. ఆ దినం ఆటో దిగంగ, "బుచ్చీ, పైలం" అని నా చెయ్యి వట్టిండు.

గా మార్కు దాంక ఆయన పేరు ఉండనియ్యి. ఆనంక చెరుపుకో, ఇగ నీ ఇష్టం.