మిలిటరీ పక్కనున్న మాట

గుమ్మఘట్టకు అవతల, కన్నడ సరిహద్దుకు ఆనుకున్న ఒక పల్లె. పొద్దు నడినెత్తి దాటిన వేళ, బెళుగుప్ప నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మాజీ హవల్దారు రామాంజనేయులు ఎర్రిస్వామి ఇంటి అరుగు మీద ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు. ఇప్పటికి నలుగురు దొంగ సైనికుల ముసుగు తీసినవాడు. ఎర్రిస్వామి అయిదోవాడు.

“నంబరు చెప్పప్పా అంటే నీళ్ళు తాగండి సార్ అంటావేమి? సర్వీసు నంబరు. నిద్రలో లేపి అడిగినా సైనికుడనేవాడు చెప్తాడు.”

“ఎండలో వచ్చినారు గదా అని...”

“ఎర్రిస్వామీ, నేను నీళ్ళకు రాలేదు. నంబరు.”

“లేదు సార్.”

“మర్చిపోయినావా?”

“మర్చిపోయేదానికి ఉంటే గదా. నంబరే లేదు.”

“ఏ రెజిమెంటు?”

“అదీ లేదు.”

“ట్రైనింగు యాడ చేసినావు?”

“చెయ్యలేదు సార్. నేను మిలిటరీలో లేను. కమాండోను కాను. తుపాకి చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. రాసుకోండి.”

“అంటే... ఒప్పుకుంటాండావా?”

“ఒప్పుకుంటాండా.”

“ఇంత బిర్నా ఎవరూ ఒప్పుకోలేదప్పా. కొత్తచెరువు పక్కన ఒకాయప్ప మూడు గంటలు తిప్పలు పెట్టినాడు నన్ను. నేనింకా ఫైలు తెరవనే లేదు.”

“తెరవండి సార్. అంత దూరం మోసుకొచ్చినారు.”

“ఎగతాళా?”

“అయ్యో, ఎంత మాట.”

“అయితే ఇదేమి? మీ బస్టాపు కాడ కట్టిన ఫ్లెక్సీకి ఫోటో తీసినా. నల్ల అంగీ, తలకు నల్ల గుడ్డ, చేతిలో ఇంత పొడుగు కత్తి. కింద ‘మా ఊరి బ్లాక్ క్యాట్ కమాండో’ అని రాసినారు. ఇది నువ్వు కాదా?”

“నేనే సార్. బెంగుళూరులో తీసింది. ఎనకాల గోడ మీద కన్నడంలో రాసుండాది చూడండి.”

“చూసినా. మిలిటరీ అని ఉండాది.”

“దాని పక్కన ఇంగొక మాట ఉండె. ఫ్లెక్సీ కొట్టినోడు జాగా చాలలేదని కత్తిరిచ్చేసినాడు.”

“ఏం మాట?”

“హోటల్.”

“...మిలిటరీ హోటలా?”

“మాంసం హోటలు సార్, కన్నడమోళ్ళు దాన్ని అట్లే అంటారు. పన్నెండేండ్లు ఆడ మాంసం కొట్టినా, బిర్యానీ వండినా. నల్ల అంగీ అందరికీ ఇస్తారు, మరకలు కనపడవని.”

“మరి ఊర్లో ఏమని చెప్పినావు?”

“చేరిన దినం మా నాయనకు ఫోన్ చేసినా. నాయనా, మిలిటరీలో పని దొరికింది అన్నా. ఆడ పనిచేసేవాళ్ళం అందరమూ అట్లే అంటాం సార్. పనోడు యాడైనా హోటల్ అని పూర్తిగా అంటాడా? ఫోన్ కట్టయింది. మా నాయన ఊరంతా బెల్లం పంచినాడు.”

“తర్వాత ఊరికి వచ్చినావు గదా. అప్పుడు చెప్పుండొచ్చు గదా?”

“ఉగాదికి వచ్చినా. అన్నంలో వెంట్రుకలు పడతాయని మా ఓనరు అందరికీ తల నున్నగా కత్తిరిపిస్తాడు. బస్సు దిగితే ఆ తల చూసి ఊరోళ్ళు సెల్యూట్ కొట్టినారు. మా నాయన నా పక్కన నడిచినాడు సార్. అంతకు ముందు ఎప్పుడూ పక్కన నడవలేదు, ముందర నడిచి తిడతా పోయేవాడు. ఈ పొద్దుకు కానీలే, రేపు చెప్దాం అనుకున్నా.”

“ఆ రేపు?”

“పన్నెండు ఉగాదులు పోయినాయి.”

“అంటే నోరు మూసుకుని మోసం చేసినావు. నోరు తెరిచి ఒక్క అబద్ధమూ చెప్పలేదంటావా?”

“ఒగసారి అడిగినారు, నీ చేత్తో ఎంతమందిని నరికినావని. లెక్క పెట్టలేదన్నా.”

“చూసినావా! అది అబద్ధం!”

“నిజమే సార్. ఆదివారమైతే ఇరవై పొట్టేళ్ళు. కోళ్ళకు లెక్క యాడ?”

“నగవాకు.”

“నేను నగలేదు సార్. మీరే నగుతాండారు.”

“నాది దగ్గు. సరే, మీ నాయన పోయినాకైనా చెప్పుండొచ్చు.”

“చెప్పినా. పోయిన ఆగస్టు పదైదున, జెండా కాడ, మైకులో చెప్పినా. నేను కమాండోను కాను, నన్ను వదిలేయండి అని. చప్పట్లు కొట్టినారు.”

“ఎందుకు?”

“ఇంత పెద్ద పని చేసి రవంత గర్వం లేదు చూడండి అని హెడ్మాస్టరు కండ్లు తుడుచుకున్నాడు. ఎనక నుంచి ఎవరో, చెప్పకూడదని ఒట్టు పెట్టుకోనుంటారప్పా, మనమే అర్థం చేసుకోవాల అన్నారు.”

“పింఛను రాదు గదా నీకు. అది చూసైనా అనుమానం రాలేదా ఎవరికీ?”

“రహస్య దళం వాళ్ళకు పింఛను రహస్యంగా వస్తాదంట.”

“ఎవరు చెప్పినారు?”

“నేను గాదు. నాకు వాళ్ళే చెప్పినారు, నాకు తెలీదన్నట్లు.”

“బాగుండాది. ఇంక ఇది చూడు. మా సంఘానికి వచ్చిన ఆకాశరామన్న జాబు. ‘ఎర్రిస్వామి అనేవాడు దొంగ కమాండో. వాణ్ణి ఊరి ముందర బయట పెట్టండి. శనివారం లోపల రాకుంటే ఒక ప్రాణం పోతాది.’ నీకు ఇంత కసి ఉండే శత్రువు ఎవరప్పా ఈ ఊర్లో?”

“శత్రువులు లేరు సార్. రాసింది నేనే.”

“నీ మీద నువ్వే రాసుకున్నావా?”

“ఎడమ చేత్తో రాసినా. పోయే ప్రాణం కూడా నాదే. రేపు శనివారం గదా.”

“రేపు ఏముండాది?”

“ఆ కొండ చూడండి. ఎలుగుబంటి దిగింది, రెండు పిల్లల్తో. పిల్లల తల్లి సార్, అలికిడైతే మీదికొస్తాది. పోయిన సోమవారం మా పక్కింటి యేసన్న చెయ్యి మోచేతి దాకా చీరేసింది. ఫారెస్టు వాళ్ళు వచ్చి, బోను తెస్తాం, ఎవరూ కొండెక్కొద్దు అని చెప్పి పోయినారు. మా వాళ్ళు, మనకు బోనెందుకప్పా, కమాండో ఉండాడు గదా అన్నారు.”

“పోనని చెప్పు!”

“చెప్పినా. పైనుంచి ఆర్డరు లేనిదే కదలడు అనుకున్నారు. అది రవంత బాగుండాదే అనిపించి నేనూ, అవునప్పా, ఆర్డరు రావాల అన్నా.”

“అది పచ్చి అబద్ధం!”

“అదొక్కటీ అబద్ధమే సార్. ప్రాణభయం. వాళ్ళేమో శనివారం దాకా చూస్తాం, రాకుంటే మేమే నీకు ఆర్డరిస్తాం అన్నారు. డప్పులు మాట్లాడినారు. కొండ దాకా డప్పులతో తీసుకుపోయి, ఆడ నన్ను వదిలి వాళ్ళు కింద నిలబడతారంట.”

“నీ పెండ్లానికైనా నిజం తెలుసా?”

“నల్లమ్మకా? మూడు సార్లు చెప్పినా. చెప్తే నమ్మలేదని ఇరవై మందికి సరిపోయే బిర్యానీ ఒంటి చేత్తో వండి చూపిచ్చినా. కమాండోలకు అన్నీ నేర్పిస్తారంట గదా అనింది.”

“ఛ.”

“అందుకే మీరు రావాల్సొచ్చింది సార్. నా నోటితో చెప్తే గొప్పతనం అయిపోతాండాది. మీరు నిజం మిలిటరీ. మీసం ఉండాది, ఫైలు ఉండాది. ముందు ఆమెకు చెప్పండి. నల్లమ్మ నమ్మితే ఊరు నమ్ముతాది. నగుతారు, ఉమ్ముతారు, నాకు పర్వాలేదు. నా ఇద్దరు ఆడబిడ్డలకు నాయన ఉంటాడు.”

“చెప్తా. అది నా బాధ్యత.”

“మీరు ఏం చేసినారు సార్ మిలిటరీలో?”

“స్టోర్సు.”

“అంటే?”

“బూట్ల గోదాము. ఇరవై రెండేండ్లు. సైజుల వారీగా. నేనొక్క సంతకం పెట్టకుంటే పటాలం పటాలం ఉత్తకాళ్ళతో నడవాల.”

“యుద్ధం?”

“యుద్ధం వచ్చినప్పుడు రెండింతలు బూట్లు పోయినాయి.”

“మీరు పోలేదా?”

“బూట్లు పోయినాయి అంటాండా గదప్పా.”

“మీ ఊర్లో ఫ్లెక్సీ కట్టినారా, మీరు రిటైరై వచ్చినప్పుడు?”

“నేను అడగలేదు.”

“కట్టినారా?”

“బస్సు దిగితే ఆటోవాడు పెట్టెకు వేరే చార్జీ అడిగినాడు. అంతే. ఒకసారి బళ్ళోకి పిలిచినారు. సార్, మీరు ఎన్ని సార్లు కాల్చినారు అని ఒక పాప అడిగింది. కాల్చలేదమ్మా, బూట్లిచ్చినా అన్నా. నిజం చెప్పినా. మరుసటేడు పిలవలేదు. ఆ మరుసటేడు ఒకణ్ణి పిలిచినారు, వాడు మంచుకొండల్లో ఎనిమిది మందిని చంపినాడంట. నేను పోయి విచారిస్తే వాడు మిలిటరీ క్యాంటీనుకు ఉల్లిగడ్డలు తోలిన లారీ డ్రైవరు. నేను పట్టుకున్న మొదటివాడు వాడే.”

“అందుకే పట్టుకుంటారా?”

“ఏమి, అందుకే అంటే?”

“ఏం లేదు సార్.”

“సత్యం కోసం పట్టుకుంటా.”

“అదే అంటాండా.”

“పిలువు నీ పెండ్లాన్ని.”

“నల్లమ్మా! రవంత ఇట్ల రా!”

“వచ్చినా, వచ్చినా. సార్, మజ్జిగ తాగండి. ఆర్డరు తెచ్చినారా?”

“ఆర్డరు కాదమ్మా. నా పేరు రామాంజనేయులు, మాజీ సైనికుల సంఘం నుంచి వచ్చినా. ధైర్యంగా విను. నీ మొగుడు మిలిటరీలో పనిచెయ్యలేదు.”

“అవును సార్.”

“...అవునంటావేమి?”

“అట్లే చెప్పాల గదా. మా ఆయప్పా అట్లే చెప్తాడు. ఇద్దురూ ఒగే మాట, పొల్లు పోకుండా. ఎంత బాగా నేర్పిచ్చినారో!”

“నేర్పించేది కాదమ్మా! బెంగుళూరులో హోటల్లో వంటవాడు!”

“ఆ, హోటలు. అదీ చెప్తాడు.”

“నంబరు లేదు, పింఛను లేదు, చిన్న కాగితం ముక్క లేదు!”

“ముక్క కూడా మిగలకుండా చేసినారంటే ఎంత పెద్ద పనో సార్. నాకు భయమైతాది ఒగోసారి.”

“ఎర్రిస్వామీ, ఇదేంది?”

“చెప్పినా గదా సార్. వదలకండి.”

“సార్, మీరు బస్సు దిగేటప్పుడే ఊరు కనుక్కుంది. ఆ నడక, ఆ మీసం. ఢిల్లీ నుంచి పెద్దాయప్ప వచ్చినాడు అంటాండారు. అదో, బస్టాపు కాడ మా ఊరి పిల్లోళ్ళు, వీరేష్ వాళ్ళు పదిమంది నిలబడుకోనుండారు, మిమ్మల్నే చూస్తాండారు. దండ తెచ్చినారు.”

“దండ? నాకా?”

“మీకే. రమ్మందునా?”

“వద్దులే అమ్మా... చామంతి పూలా అవి?”

“సార్, సార్. బూట్ల సంగతి చెప్పండి ఆమెకు.”

“ఆ. నేను ఢిల్లీ నుంచి కాదమ్మా. బెళుగుప్ప. మిలిటరీలో బూట్ల గోదాములో ఉంటి.”

“బూట్లా?”

“ఇరవై రెండేండ్లు.”

“కాళ్ళకేసుకునే బూట్లా?”

“అవునమ్మా.”

“మా ఆయప్ప కంటే పెద్ద కమాండో గాదా?”

“ఏ కమాండోను గాదు.”

“అయ్యో! నేనేమో పెద్దాయప్పని కొత్త చెంబులో మజ్జిగ... వీరేషూ! ఓ వీరేషూ! ఢిల్లీ ఆయప్ప గాదంట! బెళుగుప్పంట! బూట్ల గోదాము గుమాస్తా అంట! దండ ఎత్తిపెట్టండి!”

“అమ్మా, అంత గట్టిగా ఎందుకు...”

“నగుతాండారు చూడండి ఆ మూర్ఖులు. పట్టిచ్చుకోవాకండి సార్. మీకు బస్సు అయిదింటికి. రేపు మా ఆయప్పకు కొండ మీద ఒగ తోడు దొరికిందని సంబరపడితిమి. అంతే.”

“సార్! చూసినారా? నమ్మింది! మీ మాట నమ్మింది సార్!”

“నువ్వు గమ్మునుండు ఎర్రిస్వామీ.”

“మొదటిసారి సార్! బూట్లంటే బూట్లని నమ్మింది! ఇంగ నా సంగతి ఒక్కసారి, అదే గొంతుతో...”

“ఏమప్పా, ఎందుకట్ల ఎగురుతాండావు? ఉండు. సార్... మీరు అబద్ధం చెప్పే మనిషి మాదిరి లేరు. ఇంత దూరమొచ్చి, దండ వస్తాంటే వద్దనుకోని, నేను బూట్ల మనిషి అని ఎవరు చెప్పుకుంటారు? నిజమైతేనే చెప్పుకుంటారు. అయితే... ఈయప్పది హోటలు అన్నారే. అదీ నిజమేనా?”

“చెప్పండి సార్! అవునని ఒక్క మాట!”

“నువ్వుండప్పా! సార్, నా మొగం చూసి చెప్పండి. ఈ మనిషిని నేను రేపు డప్పులేసి కొండకు పంపిస్తాండా. బిడ్డలున్నారు. మీరు బూట్లవాడైతే ఈయప్ప వంటవాడు. నమ్ముతా. ఇప్పుడే పోయి డప్పులోళ్ళను వద్దంటా. మీరు బూట్లవాడేనా?”

“వాళ్ళు... ఇంకా నగుతాండారా ఆడ?”

“వాళ్ళతో మీకేమి సార్! అవునని చెప్పండి!”

“నగుతాండారు సార్. మిమ్మల్ని చూసి కాళ్ళు నేలకు కొట్టి చూపిస్తాండారు, బూట్ల మాదిరి. వాళ్ళ ఎగతాళి వాళ్ళది. మీరు చెప్పండి.”

“నల్లమ్మా.”

“సార్?”

“బూట్లనేది మేము బయటికి చెప్పుకునే మాటమ్మా. మేమిద్దురం ఒకే దళం. ఆ వీరేష్‌ను దండ తెమ్మను. కొండెక్కేది పొద్దున ఎన్ని గంటలకు?”